ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, పళ్ళ డాక్టర్ దగ్గర చెరో తీరు: ఎలా సిద్ధం చేయాలి?

హూడి అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది అనంతపురం, బెంగళూరు హూడిలో ఉంటున్నాం. పాపకి ఆరేళ్ళ రెండు నెలలు, బాబుకి మూడేళ్ళ నాలుగు నెలలు. పాపకి కింద ఎడమవైపు రెండు పాల దవడ పళ్ళు, పైన కుడివైపు ఒకటి పిప్పి పట్టాయి. నొప్పి, వాపు ఏమీ లేవు. బాబుకి పై ముందు పళ్ళు నాలుగూ చిగురు అంచున తెల్లగా మొదలై ఇప్పుడు గోధుమ రంగుకి తిరిగాయి. రెండున్నరేళ్ళ దాకా పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోయేవాడు.

ఇద్దర్నీ ఒకే సాయంత్రం చూపించాం. పాప కొత్తవాళ్ళ ముందు నోరు మెదపదు. అక్కడా కదలకుండా పడుకుంది, తెరవమంటే నోరు తెరిచింది. "ఎంత బుద్ధిమంతురాలో" అన్నారు. ఇంటికొచ్చాక రెండు రాత్రులు ఉలిక్కిపడి లేచింది. ఇప్పుడు బ్రష్ చేయించబోయినా మూతి బిగిస్తోంది. బాబు కుర్చీ ఎక్కనే లేదు, బిల్డింగంతా వినపడేలా ఏడ్చాడు. కిందికి దిగగానే అంతా మరిచిపోయి లిఫ్ట్ బటన్లతో ఆడుకున్నాడు. వాడికి మత్తిచ్చి నాలుగు పళ్ళూ ఒకేసారి చేసేద్దామన్నారు.

ఇందులో వయసు వల్ల వచ్చేది ఎంత, పుట్టు స్వభావం ఎంత? పాపకి ముందే చెప్పాలా, చెబితే ఎన్ని రోజుల ముందు? బాబుకి మత్తు తప్పదా? నేను లోపల ఉండాలా, బయట కూర్చోవాలా? మా అత్తయ్య గారు "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడేవే" అంటున్నారు. దానికీ జవాబు చెప్పండి.

పాలపళ్ళ డాక్టర్ (పిల్లల దంతవైద్యం)

అత్తయ్య గారి మాట ముందు చూద్దాం. ముందు పాలపళ్ళు ఆరేడేళ్ళకి ఊడడం మొదలుపెడతాయి, అది నిజమే. పాల దవడ పళ్ళు మాత్రం పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. మీ పాప ఇంకా నాలుగైదేళ్ళు వాటితోనే నమలాలి. కింద నుంచి వచ్చే శాశ్వత పళ్ళకి చోటు కాపాడేవీ అవే. కాబట్టి వదిలేయడం కుదరదు. అలాగని ఈ వారమే పరుగెత్తాల్సిన పనీ లేదు. నొప్పీ వాపూ లేవు గనక మీకు కొంత వ్యవధి ఉంది, దాన్ని పిల్లల్ని అలవాటు చేయడానికి వాడుకోండి.

ఇక వయసు. మూడేళ్ళలోపు పిల్లలకి సహకరించే శక్తే ఇంకా వచ్చి ఉండదు. మాటలు అర్థమైనా, "కాసేపు ఓర్చుకుంటే అయిపోతుంది" అనే లెక్క వాళ్ళ బుర్రకి అందదు. మేం చదివే పాఠాల్లో కూడా వీళ్ళని మొండి పిల్లలతో కలపరు, సహకరించే శక్తి లేనివాళ్ళని విడిగా పెడతారు. ఆ వయసులో ఏడుపు మామూలు సంగతి. మూడు నిండాక "నేనూ, నాకూ" మొదలవుతుంది. అద్దం చేతికిస్తే పట్టుకుంటాడు, అమ్మని మాత్రం వదలడు. నాలుగో ఏట ఊహ బాగా ముదురుతుంది, దానితో పాటే ఒంటికి ఏమైనా అవుతుందేమోనన్న భయమూ పెరుగుతుంది. చేతి మీద చిన్న గీత పడినా కట్టు కట్టమని ఏడ్చే వయసు అదే. ఐదు దాటాక మెప్పు కోసం కూర్చుంటారు. ఆరో ఏట బడి, ఊగే ముందు పళ్ళు, వెనక కొత్తగా వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను అన్నీ కలిసి వస్తాయి. అంతకు ముందు ధీమాగా ఉన్న పిల్లలు కూడా ఆ ఏడు కొంచెం బెదరడం చూస్తుంటాం.

మీ బాబు సరిగ్గా మూడేళ్ళ గుమ్మం మీద ఉన్నాడు. ఆరు నెలలు గడిస్తే ఇదే పిల్లాడు చాలా మారతాడు. అప్పటిదాకా పిప్పిని ఆపి ఉంచితే చాలు. దానికి 38 శాతం సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే ద్రవం ఉంది. సూది ఉండదు, మిషన్ ఉండదు. పన్ను తుడిచి, ఆరబెట్టి, చిన్న బ్రష్ కొనతో పిప్పి మీద అద్ది ఒక నిమిషం ఉంచుతారు. దాని లోపం ముందే తెలుసుకోండి: పిప్పి ఉన్న మేర నల్లబడి అలాగే ఉండిపోతుంది. ముందు పళ్ళు కాబట్టి నవ్వితే కనిపిస్తుంది. పెదవికో వేలికో అంటితే గోధుమ మచ్చ పడి కొన్ని రోజులకి పోతుంది, అందుకే ముందు పెదవులకి వాసెలిన్ రాస్తారు. నాలిక మీద ఇనుప రుచి తగులుతుంది. ఆరు నెలలకోసారి మళ్ళీ పూయాలి. పన్ను నొప్పి పెడుతున్నా, చిగురు మీద చీముపొక్కు ఉన్నా ఇది పనికిరాదు. సిల్వర్ పడని పిల్లలకీ వద్దు. పెద్దయ్యాక కుర్చీలో కూర్చోగలిగినప్పుడు ఆ నలుపు మీద పంటి రంగు ఫిల్లింగ్ పెట్టించవచ్చు.

పూయడానికి కుర్చీ ఎక్కించనక్కర్లేదు. మీరూ డాక్టరూ మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చుంటారు. బాబు మీ వైపు ముఖం పెట్టి, కాళ్ళు మీ నడుముకి అటూ ఇటూ వేసి ఒళ్ళో కూర్చుంటాడు. అలాగే వెనక్కి వాలిస్తే తల డాక్టర్ ఒళ్ళోకి చేరుతుంది. వాడి చేతులు మీ చేతుల్లో, కళ్ళు మీ ముఖం మీద ఉంటాయి. రెండు నిమిషాల పని. ఏడ్చినా నోరు తెరుచుకునే ఉంటుంది, పళ్ళన్నీ కనిపిస్తాయి.

రాత్రి సీసా మానారు, మంచిది. పాలసీసాతో నిద్రపోయే పిల్లల్లో ముందు పాడయ్యేవి పై ముందు పళ్ళే. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలు అక్కడే నిలుస్తాయి. కింది ముందు పళ్ళని నాలుక కప్పి కాపాడుతుంది. ఇప్పుడు రోజుకి రెండుసార్లు 1000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్ట్ బఠాణీ గింజంత వేసి మీరే తోమాలి. వాడి చేతికి వదిలేస్తే తోమినట్టే కాదు.

పాప విషయంలో ఒక్క మాట: బుద్ధిమంతురాలు అన్నది రోగనిర్ధారణ కాదు. మేం ప్రవర్తనని నాలుగు మెట్ల ఫ్రాంకెల్ స్కేల్ మీద రాసుకుంటాం, 1962 నుంచీ వాడుకలో ఉంది. పూర్తిగా తిరస్కరించడం మొదటి మెట్టు, ఆనందంగా కలిసిపోవడం నాలుగో మెట్టు. మాటా పలుకూ లేకుండా చెప్పింది చేసే పిల్లని చాలామంది మూడో మెట్టులో వేసి ముందుకెళ్ళిపోతారు. ఆ స్కేల్ కొలిచేది ప్రవర్తనని, భయాన్ని కాదు. ఉలిక్కిపడి లేవడం, బ్రష్‌కి మూతి బిగించడం చూస్తే లోపల భయం చాలానే ఉంది. స్వభావం గురించి ఇంకెవరైనా వివరంగా రాస్తే బాగుంటుంది, చికిత్స వరస నేను తర్వాత చెబుతాను.

బాలమనసు (పిల్లల మనస్తత్వం)

డాక్టర్ గారు అడిగారు కాబట్టి స్వభావం సంగతి నేను రాస్తాను.

1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే భార్యాభర్తలు పసివాళ్ళ స్వభావాల మీద ఏళ్ళ తరబడి సాగిన పరిశీలన మొదలుపెట్టారు. 130 మందికి పైగా పిల్లల్ని పసితనం నుంచీ గమనిస్తూ వచ్చారు. తొమ్మిది లక్షణాలు లెక్కలోకి తీసుకున్నారు: కదలిక ఎంత, తిండీ నిద్రా వేళకి ఉంటాయా, కొత్తదాన్ని చూస్తే దగ్గరికి వెళ్తారా వెనక్కి తగ్గుతారా, ఎంత త్వరగా సర్దుకుంటారు, స్పందన ఎంత గట్టిగా ఉంటుంది, ఇలా. వాళ్ళ లెక్కలో సుమారు 40 శాతం మంది తేలిగ్గా కలిసిపోయేవాళ్ళు, 10 శాతం గట్టిగా ఎదురుతిరిగేవాళ్ళు, 15 శాతం నెమ్మదిగా కలిసేవాళ్ళు. మిగతా 35 శాతం ఏ గంపలోనూ పట్టనివాళ్ళు. పిల్లలకి పేరు పెట్టేయడానికి ఈ లెక్క వాడకూడదు. ఏ బిడ్డకి ఎంత వ్యవధి ఇవ్వాలో తెలుసుకోవడానికి మాత్రం చాలా పనికొస్తుంది.

మీరు రాసినదాన్ని బట్టి పాప నెమ్మదిగా కలిసే రకం. స్పందన గట్టిగా ఉండదు కాబట్టి బయటికి తెలియదు. ఒకసారి కుంగితే తేరుకోవడానికి రోజులు పడుతుంది. బాబు స్పందన గట్టిది, కానీ దిగగానే లిఫ్ట్ బటన్లతో ఆడుకున్నాడంటే సర్దుకోవడం త్వరగా ఉంది. నా ఉద్దేశంలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది పాపకే. స్వీడన్‌లో జరిగిన అధ్యయనాల్లో దంత భయం బిడియంతోనూ, త్వరగా కలత చెందే స్వభావంతోనూ ముడిపడి కనిపించింది. భయపడే పిల్లలంతా గోల చేయరు, గోల చేసేవాళ్ళంతా భయపడి చేయరు అన్నదీ వాటిలోనే తేలింది. గోల చేసే పిల్లాడికి అందరూ ఆగి సర్దిచెబుతారు. నోరు మెదపని పిల్లకి ఎవరూ ఆగరు.

ముందే చెప్పడం గురించి అడిగారు. మూడేళ్ళవాడికి "ఎల్లుండి" అంటే అర్థం కాదు, అందుకని ఆ రోజు పొద్దున చెప్పండి, రెండు వాక్యాలు చాలు. ఆరేళ్ళ పిల్లకి ఒకటి రెండు రోజుల ముందు చెప్పాలి. మీ పాపలాంటి స్వభావానికి రెండు రోజులు మేలు, ఎందుకంటే వీళ్ళు తలలో ఒకసారి నడిచి చూసుకుంటే గానీ కాలు కదపరు. వారం ముందు చెబితే వారమంతా ఆ దిగులే మోస్తుంది. చెప్పేది జరిగే వరసలో ఉండాలి: లిఫ్ట్, బయట బల్ల, కుర్చీ, లైటు, అద్దం, పళ్ళ లెక్క, ఇల్లు. ఒకసారి చెప్పి, తను అడిగితేనే మళ్ళీ చెప్పండి. రోజూ మీ అంతట మీరే గుర్తు చేస్తే మీ కంగారు తనకి అంటుతుంది.

మాటల్లో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటిది "అస్సలు నొప్పి ఉండదు". చివర్లో చిన్న చురుకు తగిలినా మీ మాట అబద్ధమవుతుంది, తర్వాత ఏం చెప్పినా నమ్మదు. "చీమ కుట్టినట్టు ఉంటుంది, అయిదు లెక్కపెట్టేలోగా పోతుంది" అనండి. రెండోది మన ఇళ్ళలో అలవాటైపోయింది: "అన్నం తినకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తా." ఇంట్లో ఎవరి నోటా ఈ మాట రాకుండా చూడండి, తాతయ్య, అమ్మమ్మ, పక్కింటి ఆంటీ అందరికీ చెప్పండి. చెప్పుచేతల్లో పెట్టడానికి వాడిన బెదిరింపు రేపు ఆ కుర్చీ ముందు నిజమై నిలబడుతుంది.

హూడి అమ్మ

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. సూది బెదిరింపు మా ఇంట్లో కూడా ఉంది, ఇవాళే ఆపుతాం. ఒక సందేహం. నొప్పి పుడితే చెయ్యి ఎత్తమని డాక్టర్లు చెబుతారు కదా, మా పాప చచ్చినా ఎత్తదు. టీచర్ ముందు టాయిలెట్ అని అడగడానికే బిడియపడుతుంది.

బాలమనసు

చాలా సరైన సందేహం అండీ. నెమ్మది పిల్లలకి ఆ చెయ్యి ఎత్తడమే పెద్ద పని, దాన్ని ఇంట్లోనే సాధన చేయించాలి. మంచం మీద పడుకోబెట్టి బ్రష్‌తో పళ్ళు లెక్కపెట్టండి. మధ్యలో ఎడమ చెయ్యి ఎత్తమనండి. ఎత్తిన క్షణంలోనే మీ చెయ్యి బయటికి రావాలి. "ఒక్క పన్నే మిగిలింది" అని ఇంకో క్షణం లాగితే ఆటకి విలువ పోతుంది. తర్వాత మీరు పడుకోండి, తను లెక్కపెడుతుంది, మీరు చెయ్యెత్తి ఆపండి. రోజుకి మూడు నిమిషాలు, వారం రోజులు. బ్రష్‌కి మూతి బిగించడం కూడా దీనితోనే సడలుతుంది.

క్లినిక్‌లో చేతి బదులు నొక్కితే కీచుమనే చిన్న రబ్బరు బొమ్మ పట్టుకోనివ్వండి. ఎత్తడం కన్నా నొక్కడం తేలిక. అంతకన్నా నమ్మకమైన పద్ధతి, అయిదు లెక్కపెట్టి డాక్టరే ఆగడం. పాప అడగకుండానే విరామం వస్తుంది.

కుర్చీ పక్కన (దంత సహాయకురాలు)

పాప భయం ముఖంలో వెతకకండి. పాదాలు చూడాలి. కాలివేళ్ళు లోపలికి ముడుచుకుని చెప్పుల అంచుని పట్టేస్తాయి, బొటనవేళ్ళు పిడికిలి లోపలికి పోతాయి. ఊపిరి పైపైన ఆడుతుంది. కళ్ళు మూయదు, రెప్ప కొట్టకుండా లైటు వైపే చూస్తుంది. ఇవి చూసి "మేడమ్, ఒక్క నిమిషం" అనడం పక్కనున్న మా పనే. మీరు లోపల ఉంటే మీరూ గమనించవచ్చు.

ఏడుపులు కూడా అన్నీ ఒకటి కావు. 1963లో ఎల్స్‌బాక్ అనే ఆయన చేసిన విభజన కుర్చీ పక్కన రోజూ పనికొస్తుంది. మొండి ఏడుపు సైరన్‌లా గట్టిగా ఉంటుంది, కన్నీళ్ళు పెద్దగా రావు. భయం ఏడుపులో నీళ్ళు ధారగా కారతాయి, వెక్కిళ్ళతో ఊపిరి అందదు. నొప్పి ఏడుపు అసలు వినపడకపోవచ్చు, కంటి కొన నుంచి ఒక్క చుక్క చెవి వైపు జారుతుంది అంతే. మీ పాపలాంటి వాళ్ళలో చూడాల్సింది ఇదే. అది కనిపిస్తే పన్నుని మొద్దుబార్చే మందు పూర్తిగా ఎక్కలేదని అర్థం, ఆపి మళ్ళీ వేయాలి. నాలుగోది అసలు ఏడుపే కాదు. మిషన్ తిరిగినంతసేపూ "ఊఁ..." అని ఒకే స్వరంతో మూలుగుతారు, మిషన్ ఆగితే ఆపేస్తారు. ఆ చప్పుడుని తమ చప్పుడుతో మూసుకుంటున్నారు. దాన్ని ఆపమని గద్దించకూడదు, ఆ మూలుగుతోనే వాళ్ళు ఓర్చుకుంటున్నారు.

ఇవి క్లినిక్‌కి ముందే ఫోన్ చేసి అడగండి. కుర్చీ ముందే వాల్చి ఉంచమనండి. కూర్చున్నాక మోటారు చప్పుడుతో వెనక్కి ఒరిగితే పడిపోతున్నట్టు ఉంటుంది, సగం ఏడుపులు అక్కడే మొదలవుతాయి. లైటు కళ్ళలో పడకుండా చలువ కళ్ళద్దాలు మీరే తీసుకెళ్ళండి. ఎక్స్‌రేకి చిన్న పిల్లల సైజు, అంటే సున్నా సైజు ఫిల్మ్ ఉందా అని అడగండి. పెద్దల సైజు గట్టి సెన్సర్ నాలుక కింద గుచ్చుకుని వాంతి తన్నుకొస్తుంది, ఆ తర్వాత అద్దం పెట్టనివ్వడం కూడా కష్టం.

ఇంట్లో, క్లినిక్‌లో ఒకే మాటలు వాడండి. ఎక్స్‌రే పంటి ఫోటో, ఉమ్ము లాగే గొట్టం ఏనుగు తొండం, మిషన్ ఈల వేసే బ్రష్, మందు పన్నుని నిద్రపుచ్చే నీళ్ళు. చెప్పి, చూపించి, ఆ తర్వాతే చేయాలి. ఈ వరస 1959లో ఆడిల్‌స్టన్ అనే దంతవైద్యుడు రాసినప్పటి నుంచీ పిల్లల దంతవైద్యానికి పునాది. చూపించడమంటే గాల్లో ఊపడం కాదు. పళ్ళకి మెరుగు పెట్టే రబ్బరు కప్పుని ముందు పాప గోరు మీద తిప్పాలి, ఆ చక్కిలిగింత తనకి తెలియాలి, తర్వాతే పన్ను మీద పెట్టాలి. సూది మాత్రం చూపించం. సిరంజి పిల్లల గడ్డం కింద నుంచి, కంటికి అందని దారిలో చేతులు మారుతుంది.

భాష గురించి కూడా. ఇక్కడ చాలా క్లినిక్కుల్లో కన్నడలో "బాయి తెగి" అంటారు, నోరు తెరువు అని. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లాడికి అందులో "తెగి" మాత్రమే తెలిసిన మాట, అదీ కోసే అర్థంలో! మీ బాబుకి ఆ మాట, "నోవు" అంటే నొప్పి అని, ఇంట్లోనే ఆటలో నేర్పండి. లేదా మొదటి రోజే డాక్టర్‌కి "నోరు తెరు", "చాలు" అనే రెండు తెలుగు మాటలు చెప్పండి, సంతోషంగా నేర్చుకుంటారు.

వేళ అన్నిటికన్నా ముఖ్యం. సాయంత్రం ఆరున్నర అపాయింట్‌మెంట్ అంటే అవుటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో గంట నలిగి, ఆకలితో, నిద్రమత్తుతో వస్తారు. ఎంత మెత్తని స్వభావమైనా అక్కడ నిలవదు. పొద్దున తొమ్మిదిన్నర, పదికి పెట్టించుకోండి, బాబు నిద్ర వేళ తప్పేలా. ఇద్దర్నీ ఒకే రోజు వద్దు. తమ్ముడి ఏడుపు పాప బయట కూర్చుని విన్నది కదా, ఆ రాత్రి ఉలికిపాట్లలో దాని వంతూ ఉండే ఉంటుంది.

పాలపళ్ళ డాక్టర్

పాప చికిత్స వరస. మొదటి రాక కేవలం లెక్కకి: అద్దం, 20 పాలపళ్ళు లెక్క, ఫోటో, అంతే, పది నిమిషాల్లో ఇల్లు. రెండో రాకలో రబ్బరు కప్పుతో మెరుగు, పళ్ళ మీద 5 శాతం ఫ్లోరైడ్ వార్నిష్ పూత. ఆ రోజు వేడివీ గట్టివీ పెట్టకండి, రాత్రి బ్రష్ వద్దు. మూడో రాకలో పైన ఒక్కటే ఫిల్లింగ్. పై పంటితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. అక్కడ ఎముక పల్చన కాబట్టి పక్కన కొంచెం మందు వేస్తే సరిపోతుంది. కింద దవడకి లోతుగా నరం దగ్గర వేయాల్సి వస్తుంది, నాలుకా పెదవీ మొద్దుబారి పిల్లలు బెంబేలెత్తుతారు. నొప్పి లేని రాకలు ముందు రెండు మూడు జరిగితే తర్వాత ఒక చిన్న నొప్పి తగిలినా భయం అంతగా పాతుకోదు. ఈ వరసని తొందరపడి కుదించమని ఎవరన్నా ఒప్పుకోకండి.

కింది రెండిటికీ ఎక్స్‌రేలో పిప్పి నరం దాకా పోలేదని తేలితే సూదీ మిషనూ లేని దారి ఉంది. హాల్ పద్ధతి అంటారు, స్కాట్లాండ్‌లో మొదలైంది. పళ్ళ సందులో చిన్న రబ్బరు రింగులు మూడు నుంచి ఐదు రోజులు ఉంచి చోటు చేస్తారు. తర్వాత స్టీలు టోపీలో సిమెంట్ నింపి పంటి మీద పెట్టి, పాప చేతే గట్టిగా కొరికిస్తారు. కొరికే పని తనదే కాబట్టి "నేనే పెట్టుకున్నా" అంటుంది, నెమ్మది పిల్లలకి ఇది చాలా ధైర్యం. టోపీ పెట్టాక కొన్నాళ్ళు పళ్ళు ఎత్తుగా తగులుతాయి, కొన్ని వారాల్లో సర్దుకుంటాయి, కంగారు పడి తీయించకండి. వెండి రంగులో కనిపిస్తుందని పాపకి ముందే చూపించండి. నరం దాకా పోయి ఉంటే మాత్రం మందు వేసి నరం చికిత్స చేయాల్సిందే.

మందు వేసే రోజున తూకం చూశారా అని అడగండి. మొద్దుబార్చే ఆ మందు, లిగ్నోకెయిన్, గరిష్ఠ మోతాదు కిలోకి 4.4 మిల్లీగ్రాములు. 20 కిలోల పిల్లకి 88, అంటే 2 శాతం మందు సుమారు 4 మిల్లీలీటర్లు. ఒక పంటికి అందులో సగం కూడా పట్టదు, కానీ చిన్న పిల్లలకి రెండు వైపులా ఒకేసారి చేయబోతే ఈ హద్దు త్వరగా దగ్గరపడుతుంది. సూదికి ముందు చిగురు తుడిచి ఆరబెట్టి మొద్దుబార్చే జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. తడి చిగురు మీద రాస్తే ఉమ్ముతో కొట్టుకుపోతుంది. నిమిషానికి 1 మిల్లీలీటరు మించకుండా ఎక్కించాలి. నొప్పి సూది కన్నా తోసే వేగం వల్లే ఎక్కువ.

ఇంటికెళ్ళాక మూడు నాలుగు గంటలు పెదవి మొద్దుగా ఉంటుంది. పిల్లలు దాన్ని నమిలి పుండు చేసుకుంటారు, మర్నాడు పెదవి ఉబ్బి తెల్లని పొరతో భయపెడుతుంది. స్పర్శ వచ్చేదాకా అన్నం వద్దు, పాలో మజ్జిగో ఇవ్వండి, బడికి పంపకండి.

మత్తు వైద్యం (అనస్థీషియా)

బాబు విషయంలో "మత్తు" అంటే ఏదో ముందు అడగండి, మూడు వేరువేరు సంగతులకి ఒకే మాట వాడుతుంటారు. ముక్కు మీద మాస్క్‌తో ఇచ్చే నైట్రస్ ఆక్సైడ్ ఒకటి. ముందు ఒట్టి ఆక్సిజన్, తర్వాత మెల్లగా 30 నుంచి 50 శాతం నైట్రస్, చివర్లో మళ్ళీ ఐదు నిమిషాలు ఆక్సిజన్. పిల్ల మెలకువగానే ఉంటుంది. ముక్కుతో గాలి పీల్చాలి కాబట్టి జలుబు చేసినా, నోరు తెరిచి ఏడుస్తున్నా పనిచేయదు. అందుకే మీ పాపకి బాగా కుదురుతుంది, బాబుకి ఇప్పుడు కుదరదు. రెండోది నోటితో తాగించే మందు. కొందరు పిల్లలు నిద్రపోయే బదులు ఎదురు తిరిగి ఇంకా చిందులేస్తారు. ఇచ్చే చోట ఆక్సిజన్, వేలికి పల్స్ ఆక్సీమీటర్, పళ్ళ పని చేసేవారు కాకుండా పిల్లని మాత్రమే కనిపెట్టుకునే ఇంకొకరు ఉండాలి. ఇంటి దగ్గరే తాగించి తీసుకురమ్మంటే ఒప్పుకోవద్దు.

మూడోది పూర్తి అనస్థీషియా, ఆసుపత్రిలోనే చేయాలి. చాలా పళ్ళు ఒకేసారి పాడైతే, చీము పట్టి ఆగలేకపోతే, పిల్లకి ఏ దారీ కుదరకపోతే అది సరైన నిర్ణయమే, అందులో తప్పు పట్టేదేం లేదు. నాలుగు పళ్ళూ నొప్పి లేకుండా ఉంటే మాత్రం పైన డాక్టర్ గారు చెప్పిన ద్రవం ముందు అడిగి చూడండి. చేయించాల్సి వస్తే అన్నం, ఆవుపాలు ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు, ఒట్టి నీళ్ళు రెండు గంటల ముందు ఆపాలి. దారిలో ఒక్క బిస్కెట్ తిన్నా దాచకుండా చెప్పండి. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోవడమే అసలు ప్రమాదం.

హూడి అమ్మ

అన్నీ రాసుకున్నాను. లోపల ఉండాలా, బయటా అన్నది మిగిలింది. విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ప్రభుత్వ దంత కళాశాలకి వెళ్ళమని ఒకరన్నారు, ఇద్దరికీ కుదురుతుందా?

పాలపళ్ళ డాక్టర్

దంత కళాశాలల్లో పిల్లల విభాగం ఉంటుంది, ఖర్చు తక్కువ, నిపుణుల పర్యవేక్షణ ఉంటుంది. కాకపోతే పెద్ద హాల్లో వరసగా కుర్చీలు ఉండే చోట పక్క పిల్లల ఏడుపు వినపడుతుంది. ఎదుటి పిల్ల ధైర్యంగా చేయించుకోవడం చూసి బాబులాంటి వాళ్ళు ఎక్కేస్తారు, పాపలాంటి వాళ్ళు ఇంకా ముడుచుకుంటారు. పాపకి తలుపున్న గదీ, ప్రతిసారీ అదే డాక్టరూ కావాలి. రాకకో డాక్టర్ మారితే తను కలవడం మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది.

లోపల ఉండడం: మూడున్నరేళ్ళ బాబు దగ్గర తప్పక ఉండండి. పాప దగ్గర కూడా ఉండండి, కానీ తల వైపు కాదు, కాళ్ళ వైపు కూర్చుని చీలమండ మీద చెయ్యి వేసి ఉంచండి. మాట మాత్రం డాక్టర్ ఒక్కరిదే ఉండాలి. మీరూ, వారూ, నర్సూ కలిసి "ఏం కాదు, ఏం కాదు" అంటుంటే ఏదో అవుతోందనే అర్థమవుతుంది. మీ ఇద్దరిలో పళ్ళ డాక్టరంటే ఎవరికి భయం ఎక్కువో వారు ఇంటి దగ్గర ఆగండి.

అయిపోయాక ఇంట్లో జరిగినదాన్ని ఎలా చెప్పుకుంటారో అదే గుర్తుండిపోతుంది. "ఏడ్చిందా?" అని అడగనివ్వకండి. పాప చేతనే నాన్నకి చెప్పించండి: చెయ్యెత్తితే డాక్టర్ ఆగారా, ఈల బ్రష్ గోరు మీద ఎలా తిరిగింది, తను చేసిన పని ఏది. ఫోన్లో తను అద్దం పట్టుకున్న ఫోటో ఒకటి తీసి ఉంచండి, రెండో రాక ముందు రోజు అదే చూపించండి. బాబుకి మొదటి పూత అయ్యాక రెండు మూడు వారాలకి ఒకసారి తీసుకెళ్ళండి, పిప్పి గట్టిపడిందో లేదో డాక్టర్ పరికరం కొనతో తాకి చూస్తారు. మెత్తగానే ఉంటే అప్పుడే ఇంకోసారి పూస్తారు.